‘నరం పట్టింది’ అనే మాట చాటున దాక్కునే జబ్బు

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో కాలి నొప్పికి ముందుగా పెట్టే పేరు ‘నరం పట్టింది’. పిక్క బిగుసుకున్నా నరమే, తిమ్మిరెక్కినా నరమే, ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించేదీ నరానికే, మోకాలి వెనక నీలంగా మెలికలు తిరిగి ఉబ్బేవీ నరాలే. మెదడు నుంచి కబుర్లు మోసే నాడికీ, నెత్తురును గుండెకు తిరిగి చేర్చే సిరకూ, కండను ఎముకకు కట్టి ఉంచే స్నాయువుకూ వాడుకలో ఒకటే మాట. మామూలుగా దీనివల్ల వచ్చే నష్టమేమీ లేదు. కానీ ఒక జబ్బు మాత్రం ఈ మాట చాటున హాయిగా దాక్కుంటుంది. నరం పట్టిందనుకున్న ఇంట్లో జరిగేదేమిటి? ఆముదం వెచ్చజేసి రుద్దుతారు. ఉప్పు మూటతో కాపడం పెడతారు. మెడికల్ షాపులో నొప్పి మాత్ర తెస్తారు. అప్పటికీ తగ్గకపోతే ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది. కాలి లోపలి సిరలో నెత్తురు గడ్డకట్టినప్పుడు వీటిలో ఏ ఒక్కటీ పనికిరాదు. రుద్దడమైతే ప్రమాదం కూడా.

ఆస్పత్రి భాషలో దీని పేరు డీప్ వెయిన్ త్రాంబోసిస్, పొట్టిగా డీవీటీ. పట్టుకుంటే నయం చేయడం ఈ రోజుల్లో కష్టం కాదు. అనుమానం రావడమే కష్టం.

కాలిలో సిరలు రెండు వరసలుగా ఉంటాయి. చర్మం కిందే ఉండి పైకి కనిపించేవి ఒక వరస. వేరికోస్ వెయిన్స్‌గా ఉబ్బేవి ఇవే. కండల మధ్య, గుండె నుంచి నెత్తురు తెచ్చే ధమనుల పక్కనే సాగిపోయేవి రెండో వరస. కాలి నుంచి గుండెకు వెళ్లే నెత్తురులో నూటికి 85 నుంచి 90 పాళ్లు ఈ లోపలి దారిలోనే పోతుంది. అందుకే పైన ఉబ్బిన నరాలు చూసి ఎంత బెదిరినా అసలు భయపడాల్సింది కంటికి ఆనని వాటి గురించి.

నెత్తురు కిందికి దిగడానికి గుండె తోపు ఉంది. పాదం నుంచి పైకి ఎక్కేదెట్లా? బావికి మోటారు బిగించుకున్న రైతుకు ఇది చెప్పడం తేలిక. పైపు అడుగున ఫుట్‌వాల్వు ఉంటుంది. నీళ్లను పైకి రానిస్తుంది, కిందికి పోనివ్వదు. దాని వాషరు అరిగితే రాత్రికి రాత్రే పైపు ఖాళీ అవుతుంది, పొద్దున స్విచ్ వేస్తే మోటారు ఒట్టిగా తిరుగుతుంది. కాలి సిరల్లో అలాంటి వాల్వులు మెట్లు మెట్లుగా ఉన్నాయి. మోటారు పని చేసేది పిక్క. అడుగు వేసినప్పుడల్లా పిక్క కండ బిగిసి లోపలి సిరను పిండుతుంది, నెత్తురు ఒక మెట్టు ఎక్కుతుంది, వాల్వు మూసుకుంటుంది. ధర్మవరంలో గుంత మగ్గం మీద కూర్చున్న నేతగాడు పొద్దంతా కదలడు అనుకుంటాం గానీ గుంతలో అతని పాదాలు చెక్కలు తొక్కుతూనే ఉంటాయి. కూర్చున్నా మోటారు ఆడుతూనే ఉందన్నమాట. కదలని కాలు వేరు.

మోటారు ఆగితే నెత్తురు నెమ్మదిస్తుంది. వాల్వు రెక్కల వెనక చిన్న జేబుల్లాంటి సందులుంటాయి, అక్కడ సుడి తిరిగి నిలుస్తుంది. ఫైబ్రిన్ అనే పోగులు అల్లుకుంటాయి, వాటిలో ఎర్ర కణాలు చిక్కుతాయి. ఆ చిన్న గడ్డ మీద మరికొంత పేరుకుంటూ పైకి పాకుతుంది. పిక్క దాటి మోకాలి వెనక సిరకు, అక్కడి నుంచి తొడకు, గజ్జకు చేరేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. ఎందుకు గడ్డకడుతుందనే ప్రశ్నకు జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పేరు మీద మూడు కారణాలు చెప్పుకుంటారు. నెత్తురు నిలవడం, సిర గోడ దెబ్బతినడం, నెత్తురుకే గడ్డకట్టే గుణం ఎక్కువవడం. కాలి సిరల్లో పుట్టిన గడ్డలే ఊపిరితిత్తులకు చేరుతున్నాయని 1850ల నాటికే ఆయన వివరించాడు. ఆ మూడింట్లో ఒకటుంటే చాలాసార్లు ఏమీ కాదు. రెండు మూడు కలిస్తేనే చిక్కు. మన ఇళ్లల్లో అవి ఎట్లా కలుస్తాయో చూడాలి.

ఎవరికి, ఎప్పుడు

బాత్‌రూంలో జారి తుంటి విరిగిన అవ్వను తీసుకుందాం. ఎముక విరిగినప్పుడు చుట్టూ ఉన్న సిరలు నలుగుతాయి, దెబ్బ తగిలిన ఒంట్లో గడ్డకట్టే గుణం దానంతటదే పెరుగుతుంది, కాలు కదలదు. మూడూ ఒక్కచోటే కలిశాయి. సీమలో ఎముక విరిగితే ఆపరేషన్ వద్దని పుత్తూరు కట్టుకు వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆస్పత్రి సిమెంటు కట్టయినా, పుత్తూరు కట్టయినా సిరకు తేడా తెలియదు. వారాల తరబడి పిక్క కదలడం లేదన్నదే దానికి లెక్క. తుంటి, మోకాలి కీళ్లు మార్చే ఆపరేషన్ల తర్వాత ముందుజాగ్రత్త మందు ఇవ్వకుండా వెతికితే నూటికి 40 నుంచి 60 మందిలో ఎంతో కొంత గడ్డ కనిపించినట్టు పాశ్చాత్య దేశాల పాత అధ్యయనాలు చూపాయి. వాటిలో చాలావరకు బయటికి లక్షణం లేనివే. ఇది చలిదేశాల జబ్బు, మనవాళ్లకు రాదు అన్న నమ్మకం మన వైద్యుల్లోనూ చాలాకాలం ఉండేది. వెతకనిది దొరకదు కదా. ఇప్పుడు పెద్ద ఎముకల ఆపరేషన్లయ్యాక పొట్ట మీద రోజూ ఇచ్చే చిన్న సూది, మర్నాడే లేపి నిలబెట్టడం ఇందుకోసమే. ‘నిన్ననే కోశారు, ఈ రోజే నడిపిస్తారా’ అని ఫిజియోథెరపిస్టు మీద కోప్పడే బంధువులు ప్రతి వార్డులోనూ ఉంటారు.

బాలింతల సంగతి ఇంకాస్త నిదానంగా చెప్పాలి. కాన్పులో పోయే నెత్తురును ఆపడానికి ప్రకృతి ముందుగానే ఏర్పాటు చేసుకుంటుంది: గర్భిణి నెత్తురులో గడ్డకట్టే పదార్థాలు పెరుగుతాయి. కాన్పు అయ్యాక అవి వెంటనే తగ్గవు. ఆరు వారాల వరకు, అందులోనూ మొదటి మూడు వారాలు ప్రమాదం గర్భంతో ఉన్నప్పటికన్నా ఎక్కువ. సిజేరియన్ అయితే మరికాస్త. సరిగ్గా ఆ రోజుల్లోనే మన ఇళ్లల్లో పథ్యం. చెవుల్లో దూది, తలకు గుడ్డ, మంచం దిగొద్దని కట్టడి. నీళ్లు తాగితే పొట్ట జారుతుందనో, బిడ్డకు జలుబు చేస్తుందనో గ్లాసుల లెక్కన కొలిచి ఇవ్వడం. కర్నూలు ఎండలో, మే నెలలో! పథ్యంలో ఒంటికి మేలు చేసేవీ ఉన్నాయి, వాటితో పేచీ లేదు. నీళ్లు తగ్గించి, నడక మాన్పించడం మాత్రం పిక్క మోటారును ఆపి నెత్తురును చిక్కబరిచే పని.

గర్భిణుల్లో ఈ గడ్డ పది మందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఎడమ కాలికే వస్తుంది. దిష్టి కాదు, దారి ఇరుకు. పొత్తికడుపులో కుడి కాలికి వెళ్లే ధమని ఎడమ కాలి సిర మీదుగా అడ్డంగా దాటుతుంది. బరువైన గర్భసంచి పైన కూర్చుంటే ఆ సిర ధమనికీ వెన్నెముకకూ మధ్య ఇంకా నలుగుతుంది. బాలింత ‘ఎడమ తొడ లాగుతోంది, కాలు బరువుగా ఉంది’ అంటే కాన్పు నొప్పులే అని సర్దిచెప్పడం సరికాదు.

ఆడవాళ్ల విషయంలోనే మరొకటి. పెళ్లికో, వ్రతానికో, తిరుమల కొండకో వెళ్లే ముందు నెలసరి వాయిదా వేసే మాత్రలు చీటీ లేకుండానే కొనేస్తారు. అందులో ఉండే నోరెథిస్టెరాన్ కొద్దిపాళ్లలో ఒంట్లో, నెత్తురుకు గడ్డకట్టే గుణాన్ని పెంచే ఈస్ట్రోజన్‌గా మారుతుంది. రోజుకు మూడు మాత్రల చొప్పున మింగితే ఆ మోతాదు పట్టించుకోనక్కర్లేనిది కాదు. ఆరోగ్యంగా ఉన్న యువతికి నాలుగు రోజులకు ప్రమాదం స్వల్పమే. ఇంతకుముందు కాలిలో గడ్డ కట్టినవాళ్లు, రక్తసంబంధీకుల్లో ఆ చరిత్ర ఉన్నవాళ్లు, బాగా ఒళ్లున్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. గర్భనిరోధక మాత్రలకూ ఇదే మాట.

ఇక ప్రయాణాలు. 1940లో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు జనం నేలమాళిగల్లో మడత కుర్చీల్లో కూర్చునే రాత్రుళ్లు గడిపారు. ఊపిరితిత్తుల్లో గడ్డ అడ్డుపడి ఉన్నట్టుండి చనిపోయేవాళ్లు పెరిగారని కీత్ సింప్సన్ అనే వైద్యుడు గమనించాడు. కుర్చీ అంచు తొడ వెనక ఒరుసుకుని సిర నొక్కుకుపోవడమే ఆయన చూపిన కారణం. తర్వాత విమానాల మీద నింద పడింది గానీ అసలు దోషి సీటు. నాలుగు గంటలు దాటిన ఏ ప్రయాణమైనా లెక్కలోకి వస్తుంది. అనంతపురం నుంచి బెంగళూరు, కర్నూలు నుంచి హైదరాబాదు ఆ గీత దగ్గరే ఆగుతాయి. కడప నుంచి కువైట్‌కు వెళ్లే మనిషి మాత్రం చెన్నైకో హైదరాబాదుకో బస్సు, విమానాశ్రయంలో పడిగాపులు, ఆపైన విమానం, మొత్తం మీద ఒక పగలూ రాత్రీ కూర్చునే ఉంటాడు. బాత్‌రూం ఎక్కడ దొరుకుతుందోనని నీళ్లు కూడా మానేస్తాడు. గట్టిగా ఉన్నవాడికి ఏమీ కాదు. నెల కిందట ఆపరేషన్ అయినవాడికి, కాలికి కట్టుతో ఉన్నవాడికి అదే ప్రయాణం వేరు.

క్యాన్సర్, పక్షవాతం, వయసు, లావు, పుట్టుకతో వచ్చే రక్త లోపాలు కూడా జాబితాలో ఉన్నాయి. ఏ కారణమూ లేకుండా గడ్డ కట్టిన పెద్దవయసు వాళ్లలో ఎక్కడో క్యాన్సర్ దాగుందేమోనని డాక్టరు ఆరా తీయడం అందుకే.

ఒక కాలా, రెండు కాళ్లా

వాపు ఒక కాలికేనా? ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. రెండు కాళ్లూ సమంగా ఉబ్బితే ఎక్కువగా గుండె, మూత్రపిండాలు, కాలేయం వైపు చూడాలి. దాన్నే మనం నీరు దిగింది అంటాం. ఒక కాలు నాలుగైదు రోజుల్లో లావయి, బిగుతుగా, బరువుగా, కొంచెం వెచ్చగా, రంగు మారి, పిక్క పట్టుకుంటే నొప్పిగా ఉంటే డీవీటీ కాదని తేలేదాకా డీవీటీ అనే అనుకోవాలి. బోదకాలు అనుకునేవాళ్లున్నారు, బోదకాలు రోజుల్లో కాదు, నెలలు ఏళ్ల మీద పెరుగుతుంది. చర్మానికి సోకే సెల్యులైటిస్‌లో జ్వరం, చలి ఉంటాయి, ఎర్రదనం చర్మం మీద అంచు కట్టినట్టు పాకుతుంది. రాత్రిపూట పిక్క పట్టేసి రెండు నిమిషాల్లో వదిలేది ఉత్త కండ పట్టివేత. గడ్డ వల్ల వచ్చే నొప్పి అట్లా వదలదు.

కంటితో తేల్చుకోలేకపోతే దర్జీ టేపు చాలు. మోకాలి చిప్ప కింద ముందువైపు ఎముక బొడిపెలా తగులుతుంది. అక్కడి నుంచి 10 సెంటీమీటర్లు కిందికి కొలిచి పెన్నుతో గుర్తు పెట్టి, ఆ చోట పిక్క చుట్టుకొలత తీయాలి. రెండో కాలికీ అట్లాగే. తేడా 3 సెంటీమీటర్లు దాటితే అది లెక్కలోకి వచ్చే వాపు. డాక్టర్లు అనుమానం ఎంత బలమైనదో అంచనా వేసే వెల్స్ స్కోరులో ఈ కొలతకు ఒక మార్కు ఉంది. పాదాన్ని పైకి వంచితే పిక్క నొస్తే డీవీటీ అనే పాత పరీక్షను మాత్రం నమ్మడానికి లేదు, ఉన్నవాళ్లలో నొప్పి లేకపోవచ్చు, లేనివాళ్లలో నొప్పి రావచ్చు. తేడా తక్కువుంటే జబ్బు లేదనీ కాదు. లక్షణమే లేకుండా ఉండే గడ్డలు బోలెడు.

గడ్డ కాలిలోనే ఉంటే కాలి బాధ. అందులో ముక్క తెగితే సిర పైకి వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది కాబట్టి దానికి ఎక్కడా అడ్డు తగలదు. గుండె కుడివైపు గదులు దాటి ఊపిరితిత్తుల ధమనుల్లోకి పోయి ఇరుక్కుంటుంది. ఉన్నట్టుండి ఆయాసం, గాలి పీల్చితే గుచ్చినట్టు ఛాతీలో నొప్పి, గుండెదడ, దగ్గులో నెత్తురు జీర, లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోవడం: వీటిలో ఏదొచ్చినా ఊళ్లో సూది వేయించుకుని చూద్దామనే ప్రశ్న లేదు. 108కి ఫోన్ చేసి పెద్దాస్పత్రికి పోవాల్సిందే. చాలా కుటుంబాలు దీన్ని గుండెపోటు అనే గుర్తుపెట్టుకుంటాయి. పది రోజుల ముందు నుంచి కాలు వాచి ఉందన్న సంగతి ఆ తొందరలో డాక్టరుకు చెప్పరు. చెబితే చికిత్స మొదలయ్యే దారే మారిపోవచ్చు.

డాప్లర్ కాయితం చదవడం

డాప్లర్ అంటే సిరల్లో నెత్తురు పారే తీరు చూసే అల్ట్రాసౌండ్ స్కాన్. పరీక్ష చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. జిగురు రాసి, గజ్జ నుంచి మోకాలి వెనక దాకా ప్రోబును అంగుళం అంగుళం జరుపుతూ నొక్కుతారు. తెర మీద రెండు నల్లటి గుండ్రాలు పక్కపక్కన కనిపిస్తాయి, ఒకటి ధమని, ఒకటి సిర. నొక్కగానే మంచి సిర కన్ను మూసినట్టు చదునై మాయమవుతుంది. ధమని గుండ్రంగానే కొట్టుకుంటూ ఉంటుంది. లోపల గడ్డ ఉంటే సిర కూడా మూసుకోదు. రిపోర్టులో ‘నాన్ కంప్రెసిబుల్’ అని రాసేది దీన్నే.

ఆ కాయితంలో ఒక ఉచ్చు ఉంది. తొడలోని ప్రధాన లోపలి సిరకు పాత పుస్తకాల్లో ‘సూపర్‌ఫిషియల్ ఫెమోరల్ వెయిన్’ అని పేరు. సూపర్‌ఫిషియల్ అంటే పైపైది. పేరు పైపైది, ఉండేది లోపల. అందులో గడ్డ ఉందని రిపోర్టు వస్తే పైసిరే కదా అని తేలిగ్గా తీసుకున్న వైద్యులు ఇతర దేశాల్లోనూ ఉన్నారని తేలాక ఆ పేరు మానేసి ఉత్త ‘ఫెమోరల్ వెయిన్’ అనమన్నారు. మన ల్యాబుల రిపోర్టుల్లో పాత పేరు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. ఆ పేరు చూసి ఊరట పడకూడదు.

మరో సంగతి. మొదటి స్కాన్‌లో తొడ వరకే చూసి, పిక్క సిరలను వదిలేస్తే, లేదా గడ్డ మరీ చిన్నదైతే రిపోర్టు బాగున్నట్టే వస్తుంది. అనుమానం గట్టిగా ఉంటే వారానికి మళ్లీ తీయించమంటారు. అది డబ్బు కోసం కాదు. పిక్కలో ఉన్నది పైకి పాకిందేమో చూడటానికి. డీ డైమర్ అనే రక్తపరీక్ష ‘లేదు’ అని చెప్పడానికి పనికొస్తుంది, ‘ఉంది’ అని చెప్పడానికి కాదు. బాలింతలో, జ్వరంలో, ఆపరేషన్ తర్వాత ఎటూ పెరిగే ఉంటుంది.

మందు చేసేదేమిటి

‘రక్తం పలచబడే మందు’ అనే మాటలోనే రెండు అపోహలున్నాయి. ఈ మందులు నెత్తురును నీళ్లలా చేయవు. గడ్డను కరిగించవు కూడా. కొత్తగా పేరుకోకుండా ఆపుతాయి, అంతే. ఉన్న గడ్డను వారాలు నెలల మీద ఒళ్లే అరిగించుకుంటుంది. మందు మింగిన నాలుగో రోజుకూ వాపు తగ్గలేదని ఆస్పత్రి మార్చేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. గుండెకు వాడే ఆస్పిరిన్ మాత్ర దీనికి బదులు కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ధమనిలో కట్టే గడ్డకూ సిరలో కట్టే గడ్డకూ వాడుకలో మాట ఒకటే గానీ మందు వేరు.

మొదట్లో హెపారిన్ రకం సూదులు పొట్ట చర్మం కింద ఇస్తారు. తర్వాత మాత్రలు. కొత్త రకం రివరాక్సబాన్ అయితే సూది లేకుండానే మొదలుపెట్టొచ్చు: మూడు వారాలు రోజుకు రెండుసార్లు 15 మిల్లీగ్రాములు, ఆ తర్వాత రోజుకోసారి 20. రెండింటినీ అన్నంతోపాటే మింగాలి, పరగడుపున వేసుకుంటే మందు పూర్తిగా ఒంటికి పట్టదు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్లకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇది కుదరదు. గర్భిణికి సూదులే, బాలింతకు వార్ఫరిన్ ఇవ్వొచ్చు, పాలల్లోకి పెద్దగా రాదు.

వార్ఫరిన్ పాత మందు, చవక. 1920ల్లో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన గడ్డి మేసిన పశువులు చిన్న గాయానికే నెత్తురు ఆగక చనిపోయేవి. ఆ గడ్డిలోని విషాన్ని వెతుకుతూ పోయిన విస్కాన్సిన్ శాస్త్రవేత్తల చేతికి చిక్కిందే ఇది. ముందు ఎలుకల మందుగా వచ్చి, 1954లో మనుషుల మందయింది. దీన్ని మింగేవాళ్లు నెత్తురు గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూపే ఐఎన్‌ఆర్ అనే పరీక్షను 2కూ 3కూ మధ్య నిలుపుకోవాలి. తక్కువైతే గడ్డ, ఎక్కువైతే నెత్తురు కారడం. తోటకూర, పాలకూర, గోంగూరల్లోని కె విటమిన్ దీనికి ఎదురు పనిచేస్తుంది. అందుకని ఆకుకూరలు మానెయ్యాలని ఊళ్లల్లో చెప్పే సలహా తప్పు. వారానికి మూడుసార్లు ఆకుకూర పప్పు తినే ఇంట్లో అట్లాగే తినొచ్చు, డోసు దానికి తగ్గట్టు కుదురుతుంది. నెలంతా మానేసి పండక్కి గంపెడు తినడమే ఇబ్బంది. రాగి సంగటికీ చెనక్కాయల ఊరిబిండికీ అడ్డేమీ లేదు, చెనక్కాయల్లో ఆ విటమిన్ లేనట్టే లెక్క.

సీమలో ఇంతకన్నా పెద్ద గండం నడుముకు వేయించుకునే నొప్పి సూది. ఈ మందుల మీదున్న మనిషికి కండలో సూది పొడిస్తే లోపలే నెత్తురు గూడు కట్టొచ్చు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందు కడుపులో పుండును కారేలా చేయొచ్చు. క్షయకు వాడే రిఫాంపిసిన్ ఈ మాత్రల బలాన్ని తగ్గించేస్తుంది, విరేచనాలకు తెచ్చుకునే మెట్రొనిడజోల్ వార్ఫరిన్ బలాన్ని పెంచేస్తుంది. ఏ డాక్టరు దగ్గరికి పోయినా ముందు చెప్పాల్సింది ఈ మాత్ర పేరే. నల్లటి విరేచనం, ఆగని ముక్కు నెత్తురు, తలకు దెబ్బ తగిలితే ఆ రోజే ఆస్పత్రి.

ఎంతకాలం? కనీసం మూడు నెలలు. ఆపరేషన్, కాన్పు లాంటి తాత్కాలిక కారణం ఉంటే చాలామందికి అక్కడితో ఆపేస్తారు. కారణం దొరకనివాళ్లకు, క్యాన్సర్ ఉన్నవాళ్లకు సాగదీస్తారు. మంచం దిగొద్దనే పాత సలహా ఇప్పుడు లేదు. మందు మొదలయ్యాక, నొప్పి ఓర్చుకోగలిగితే, నడవడమే మంచిది.

ఆ కాలు మునుపటిలా అవుతుందా అంటే అందరికీ కాదు. గడ్డ అరిగిపోతూ వాల్వు రెక్కలను కూడా పాడుచేసి పోతుంది. ఫుట్‌వాల్వు లేని పైపు మిగులుతుంది. సాయంత్రానికి వాపు, బరువు, చీలమండ పైన చర్మం నల్లబడటం, కొందరికి మానని పుండు. నూటికి 20 నుంచి 50 మంది దాకా ఏదో ఒక మోతాదులో ఇది చూస్తారు. బిగుతు మేజోళ్లు దీన్ని రాకుండా ఆపుతాయన్న నమ్మకం 2014లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంతో సడలింది. వేసుకుంటే హాయిగా ఉన్నవాళ్లు వేసుకోవచ్చు, ఏప్రిల్ ఎండల్లో చెమటకు తాళలేక తీసేసినవాళ్లు తప్పు చేసినట్టు కుమిలిపోనక్కర్లేదు.

ఒకసారి గడ్డ కట్టిన కాలు ఏడాది తర్వాత మళ్లీ వాచిందనుకోండి. డాప్లర్‌లో గడ్డ కనిపిస్తుంది. అది అరగకుండా మిగిలిన పాతదా, కొత్తగా కట్టిందా? పాతదైతే మేజోడు చాలు, కొత్తదైతే మళ్లీ మందు, బహుశా జీవితాంతం. మందు ఆపే రోజున ఒక డాప్లర్ తీయించుకుని, ఎక్కడెక్కడ ఎంత మిగిలిందో రాసిన ఆ కాయితాన్ని రేషన్ కార్డు, ఆధార్ ఉండే ప్లాస్టిక్ కవర్లోనే పెట్టుకుంటే, ఆ రోజు స్కాన్ చేసే డాక్టరు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోగలుగుతాడు.